చెక్క కాని తలుపు

తాడేపల్లిగూడెం కోత మిల్లులో మొదటి దూలం రంపం ముందుకి వచ్చేసరికి రాఘవయ్యగారు కబుర్లు ఆపేసి నిటారుగా నుంచున్నారు. దూలం పైకి నల్లగా, పొగచూరిన వంటింటి గోడలా ఉంది. అందులోని మేకులన్నీ వడ్రంగి మేస్త్రీ తాతారావు ముందురోజే ఓపిగ్గా లాగేశాడు. అయినా ఎక్కడో ఒకటి మిగిలిపోయి రంపం పళ్ళు విరుగుతాయేమోనని పొడుగునా అరచేత్తో ఇంకోసారి తడిమి చూసి, కానివ్వమన్నట్టు తలూపాడు. రంపం దిగింది. మిల్లంతా హోరెత్తిపోయింది. దూలం రెండుగా విడి పక్కకి ఒరిగాక చూస్తే లోపలంతా తేనెరంగు.

రాఘవయ్యగారు వంగి గుప్పెడు పొట్టు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తరవాత ఆ గుప్పిటే ప్రసాదం పెడుతున్నట్టు ప్రసన్నలక్ష్మి ముందుకి చాచారు.

“చూడమ్మా. వందేళ్ళు దాటినా వాసన పోలేదు.”

ప్రసన్న వాసన చూసింది. తనూ ఒక చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది. ఎప్పుడో కాలవ గట్టున ఇంగ్లీషువాళ్ళ నాటి బంగళా ఒకటి పడగొడితే, ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రాఘవయ్యగారు వేలంలో పాడుకున్న బర్మా టేకు దూలాలివి. ఎప్పటికైనా కట్టబోయే ఇంటికోసమని గణపవరంలో పెరట్లో రేకుల షెడ్డు వేయించి, చెద పట్టకుండా, తడవకుండా ఇన్నేళ్ళూ పసిపిల్లల్ని సాకినట్టు సాకారు.

ఏలూరులో ఇళ్ళ లోపలి పనికి డిజైన్లు గీసే ప్రసన్న, తన ఆఫీసుకి వచ్చినవాళ్ళకి మొదటే చెప్పేసే మాట ఒకటుంది. చెక్క పెట్టుకుంటే చెక్కే పెట్టుకుందాం, లేదంటే మానేద్దాం, అంతేగానీ చెక్క గీతలు అచ్చేసిన కాయితం అంటించి అదే టేకు అనుకోమంటే మాత్రం నా వల్ల కాదండీ, అని. ఆ మాటకి కొందరు నవ్వేవారు, కొందరు ఇంకో డిజైనర్ని వెతుక్కునేవారు. ఎవరి ఫ్లాటులో చూసినా తలుపుల దగ్గర్నించి మంచం తలాపు దాకా ఆ అచ్చు చెక్కే. అలాంటిది, నిజమైన దూలాలు పెట్టుకుని వాటికి తగ్గ మనిషికోసం వెతుక్కుంటూ ఒకాయన తన దగ్గరికి రావడం, ఆయన కూడా హైస్కూల్లో తనకి లెక్కలు చెప్పిన కామేశ్వరి టీచరుగారి భర్తే కావడం, ప్రసన్నకి పండగలా ఉంది.

మిల్లు నుంచి అందరూ ఆ ఊళ్ళోనే రాఘవయ్యగారు కట్టిస్తున్న ఇంటికి వచ్చారు. ఊరి చివర కొత్తగా వేసిన లేఔటులో ఉంది. టీచరుగారు ఇంకా సర్వీసులోనే ఉన్నారు. ఆదివారం కాబట్టి ఆవిడా వచ్చారు. గోడలకి ప్లాస్టరింగు అయింది, గుమ్మాలింకా ఖాళీగా ఉన్నాయి. హాల్లో సిమెంటు బస్తాల మీద ప్లైవుడ్డు ముక్క పరిచి ప్రసన్న డ్రాయింగు విప్పింది. ఒకపక్క తాతారావు, ఒకపక్క రాఘవయ్యగారు వంగారు. సింహద్వారం రెక్కలు ఎంత మందం ఉండాలి, పూజగది తలుపుకి గంటలు ఎక్కడ వేలాడదీయాలి, వంటింటి అరలకి పలకలు ఏ దూలంలోంచి తీయాలి, స్నానాలగదుల తలుపులకి కొస ముక్కలు సరిపోతాయా, అనుకుంటూ ముగ్గురూ అందులోనే మునిగిపోయారు. వెనక నుంచున్న టీచరుగారు తాతారావు భుజమ్మీదుగా చూద్దామని కాస్త మునివేళ్ళమీద లేచారు. ఏమీ కనపడక మళ్ళీ మామూలుగా నుంచున్నారు.

కాసేపటికి ఆవిడే అడిగారు. “ఏమ్మా ప్రసన్నా, స్నానాలగదులకీ వంటింటికీ ఆ ప్లాస్టిక్ చెక్క తలుపులు వస్తున్నాయటగా. మా సైన్సు టీచరు సలోమి వాళ్ళింట్లో పెట్టించుకుంది.”

రాఘవయ్యగారు హాయిగా నవ్వేశారు. ఇంత టేకు చేతిలో పెట్టుకుని ప్లాస్టిక్కా అన్నారు. తాతారావు కూడా నవ్వాడు, మర్యాదకి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. ప్రసన్న నవ్వలేదు. అర్థంకాని లెక్క పట్టుకెళితే ఒకప్పుడు టీచరుగారు తనకి ఎలా విడమరిచి చెప్పేవారో అంత నెమ్మదిగా చెప్పింది. దాన్ని డబ్ల్యూపీసీ అంటారండీ, రంపపు పొట్టూ ప్లాస్టిక్కూ కలిపి కరిగించి పలకలు పోస్తారు, పైన చెక్క బొమ్మ అచ్చేస్తారు, దూరానికి టేకులా ఉంటుంది గానీ దగ్గరికెళ్ళి చెయ్యేస్తే బక్కెట్టుకీ దానికీ తేడా ఉండదు, టేకుకి వయసొచ్చినకొద్దీ కళ వస్తుంది, అది మాత్రం పాతబడుతుందంతే, అని.

టీచరుగారు మొత్తం విన్నారు.

“సరేలేమ్మా” అన్నారు.

కొంగు భుజం చుట్టూ తిప్పుకుని అవతలికి వెళ్ళి, తలుపు లేని గుమ్మంలో నుంచుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు. మిగతా ముగ్గురూ మళ్ళీ డ్రాయింగు మీదికి వంగారు.

సాయంత్రం ఏలూరు వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూచున్నాక ప్రసన్నకి ఆ ‘సరేలేమ్మా’ గుర్తొచ్చింది. క్లాసులో ఎవరైనా తప్పు జవాబు చెప్పి, దాన్ని దిద్దే వ్యవధి లేకుండా బెల్లు కొట్టేస్తే, ఆవిడ అచ్చం అలాగే అనేవారు.

*

ఆ వారంలోనే ముసురు పట్టింది. కొత్తింటికి వచ్చే పాత సామాను, అంటే బీరువాలూ పందిరిమంచమూ పుస్తకాల అలమారూ, కొలతలు తీసుకోవాలని ప్రసన్న గణపవరం వెళ్ళింది. తను చదువుకునే రోజుల్లో ఆ వీధి చివర్నించి వరిచేలే కనపడేవి. ఇప్పుడన్నీ చేపల చెరువులు. గట్టు దాటి రానంటూనే నీళ్ళు ఇళ్ళ పునాదుల దాకా ఊరిపోతాయి. రాఘవయ్యగారింటి గోడలు నడుమెత్తు దాకా చెమ్మ పీల్చి, సున్నం పొరలుపొరలుగా లేచి ఉంది.

ఆయన మాత్రం గోడల్ని చూడనివ్వలేదు. ఒక్కో తలుపు దగ్గరికీ తీసుకెళ్ళి, వేలి కణుపుతో కొట్టి, మోత వినిపించి, ఇది వేప, ఇది నల్లమద్ది, ఈ అలమార పనస, అని చెట్టు పేరూ, ఆ చెట్టు ఎవరి పొలంలోదో, కోయించినవాడెవడో చెప్పుకొచ్చారు. చుట్టాల్ని పరిచయం చేస్తున్నట్టే ఉంది. ప్రసన్నకి ఆయన మీద ముచ్చటేసింది. కొలతలు మానేసి వింటూ కూచుంది.

బడి వదిలాక టీచరుగారు గొడుగు మడుచుకుంటూ వచ్చారు. కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్ళి, ఊళ్ళో కబుర్లు అడుగుతూ కాఫీ పెట్టసాగారు. పంచదార డబ్బా ఉన్న అర తలుపు ఉబ్బి బిగిసిపోయి ఉంది. ఆవిడ పక్కనే సిద్ధంగా పెట్టుకున్న చాకు మొన సందులో దూర్చి మెలితిప్పి, తలుపు ఊడొచ్చాక చాకు యథాస్థానంలో పెట్టేశారు. తువ్వాలు కోసం బీరువా దగ్గరికెళ్ళి, నడుంతో ఒక తోపు తోసి, పిడి పట్టుకుని లాగి, మళ్ళీ తోసి, తెరిచారు. ఇదంతా జరుగుతున్నంతసేపూ మాటల్లో ఎక్కడా ఆగలేదు. ప్రసన్న వాళ్ళమ్మ ఆరోగ్యం గురించి ఎంత శ్రద్ధగా అడగడం మొదలెట్టారో అంత శ్రద్ధగా అడుగుతూనే ఉన్నారు. ప్రసన్న జవాబులు చెబుతూ ఆవిడ చేతుల వంకే చూసింది. కుడి బొటనవేలి పక్కన, చాకు పట్టు ఒరుసుకునే చోట, చర్మం కాయ కాసి ఉంది.

చీకటి పడేలోగా రోడ్డు మీదికి నీళ్ళొచ్చి బస్సు ఆగిపోయిందన్నారు. ఈ వానలో ఎక్కడికి వెళతావు, పొద్దున్నే వెళ్ళచ్చులే అని భార్యాభర్తలిద్దరూ ఒకేసారి అన్నారు.

భోజనాలకి ముందు టీచరుగారు స్నానానికి వెళ్ళారు. హాల్లో టీవీలో నలుగురు ఒకేసారి అరుచుకుంటున్నారు. రాఘవయ్యగారు రిమోటు తీసుకుని ఆ గొంతులన్నీ నొక్కేసి, వినమన్నట్టు చూపుడువేలు ఎత్తారు. పెరటి వైపు నించి, వాన చప్పుడు లోంచి, పాట వినిపించింది. ఏదో మంగళహారతి. గొంతు గొప్పదేం కాదు, కాస్త జీరగా ఉంది, కానీ ఎక్కడా తడబడకుండా సాగుతోంది.

“ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నించీ ఇంతే” అన్నారాయన, గొంతు తగ్గించి. “బయట అందరిలో పాడమంటే పాడదు. స్నానాలగదిలో అయితే భక్తి పొంగుకొస్తుంది ఆవిడకి.”

ఆ పాట అయ్యేదాకా ఆయన టీవీ గొంతు పెంచలేదు. కళ్ళు సగం మూసుకుని, కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తూ కూచున్నారు.

పొద్దున్న ప్రసన్న స్నానానికి వెళ్ళింది. పెరటి వరండా చివర, మంచినీళ్ళ కుళాయికి పక్కన ఉంది గది. తలుపు నల్లమద్దిదే, ముందురోజు రాఘవయ్యగారు కొట్టి చూపించినవాటిలో అదొకటి. వేద్దామని లాగితే సగంలో నేలకి పట్టేసింది. బలమంతా పెట్టి ఈడిస్తే కొంచెం జరిగింది గానీ, గుమ్మానికీ దానికీ మధ్య బెత్తెడు సందు అలాగే ఉండిపోయింది. గడియ ఎక్కడో ఉంది, దాని కన్నం ఎక్కడో ఉంది. కుళాయి దగ్గర ట్యూషను పిల్లలు కాళ్ళు కడుక్కుంటున్న మాటలు వినపడుతున్నాయి. ఏం చెయ్యాలో తోచక తువ్వాలు పట్టుకుని నుంచుండిపోయింది.

“పడదమ్మా, వానాకాలం అంతే.” బయటి నుంచి టీచరుగారి గొంతు. “నువ్వు కానియ్యి. నేనిక్కడ కూచుంటాను.”

సందులోంచి చూస్తే, ఆవిడ పీట లాక్కుని తలుపుకి వీపు పెట్టి కూచున్నారు. ఒళ్ళో పరీక్ష పేపర్ల కట్ట, చేతిలో ఎర్ర పెన్ను. పిల్లల్ని ముందు గదిలోకి వెళ్ళి ఎక్కాలు చూసుకోమన్నారు.

ప్రసన్న గబగబా నాలుగు చెంబులు పోసుకుని, చీర చుట్టుకుని బయటపడింది. టీచరుగారు లేవలేదు, చేతిలో పేపరింకా పూర్తి కాలేదు.

“మీరు వెళ్ళినప్పుడు ఎలాగండీ? ఎవరు కూచుంటారు?”

“పాడుకుంటాను” అన్నారు ఆవిడ, మార్కు వేస్తూనే. “లోపల మనిషున్నట్టు తెలియాలి కదా.”

ప్రసన్న తల తుడుచుకోవడం ఆపేసింది.

మొదట్లో చెప్పానమ్మా అన్నారు టీచరుగారు. చెబితే ఆయన వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించేవారట. వానల్లో పడేట్టు చిత్రిక పడితే ఎండల్లో ఎండిపోయి సందు వచ్చేది. ఆ సందుకి బద్ద కొట్టిస్తే మళ్ళీ వానలకి బిగిసేది. ఒకసారి కర్ర కొత్తదేమోనన్నారు, ఒకసారి బందులు మార్చారు. ఆయన తప్పేం లేదు, పాపం ఎప్పుడూ విసుక్కోలేదు, అన్నారు. ఈలోగా ట్యూషను పిల్లలూ, ఆయన ఆఫీసువాళ్ళూ, చుట్టాలూ, ఎవరో ఒకరు పెరట్లో ఉండనే ఉండేవారు. పాడితే ఎవరూ ఇటు రారని కనిపెట్టారు.

“తరవాత తెలిసింది, ఆయనకి నా పాట ఇష్టమని. ఇంక చెప్పలేదు.” ఆవిడ పేపర్లు సర్దుకుని లేచారు. “నువ్వూ ఆయనతో అనకమ్మా. చిన్నబుచ్చుకుంటారు.”

*

ఏలూరు వచ్చాక ప్రసన్న ముందుగా చేసిన పని, ఎప్పుడూ గడప తొక్కని డబ్ల్యూపీసీ షాపుకి వెళ్ళడం. షాపతను ఆశ్చర్యపోయి కుర్చీ వేశాడు. నమూనా ముక్క ఒకటి అడిగి తెచ్చుకుంది. అదీ, ఒక టేకు ముక్కా, ఒక నల్లమద్ది ముక్కా మూడింటినీ ఆఫీసు వెనక నీళ్ళ బక్కెట్టులో పడేసింది. రెండ్రోజులు పోయాక తీసి చూస్తే నల్లమద్ది బాగా ఉబ్బింది. ప్లాస్టిక్ ముక్క కడిగిన గిన్నెలా వేసినది వేసినట్టే ఉంది. టేకు కూడా పెద్దగా మారలేదు. మారదని ఆమెకి ముందే తెలుసు. వందేళ్ళు ఎండిన టేకుతో కట్టిన తలుపు బహుశా ఏ వానకీ బిగుసుకోదు. రాఘవయ్యగారి వాదన తప్పని చూపించడానికి ఈ బక్కెట్టు పనికిరాదు.

కానీ బక్కెట్టు దగ్గర గొంతుక్కూచుని ఆలోచించినకొద్దీ ఆమెని వేధించింది ఉబ్బడమూ ఉబ్బకపోవడమూ కాదు. ఒకావిడ తన ఇంటికి రెండు తలుపులు అడిగింది. అక్కడున్న ముగ్గురిలో ఒక్కరూ ఎందుకు కావాలని అడగలేదు, ఇద్దరు నవ్వారు. నవ్వనిది తనొక్కతే. తను పాఠం చెప్పింది.

శనివారం మధ్యాహ్నం కొత్తింటి దగ్గర పని చూడ్డానికి వెళ్ళింది. ఒంటిపూట బడి కావడంతో టీచరుగారు కూడా అప్పుడే బస్సు దిగి వచ్చారు. హాలంతా చిత్రిక పొట్టు. తాతారావు సింహద్వారం చట్రానికి కీళ్ళు కలుపుతున్నాడు. స్నానాలగదుల కోసం తీసిన పలకలు గోడకి ఆనించి ఉన్నాయి. రాఘవయ్యగారు వాటిలో ఒకదాని మీద తడిగుడ్డతో తుడిచి, తేలిన గీతల్ని చూసుకుని మురిసిపోతున్నారు.

ప్రసన్న ఎక్కువ ఉపోద్ఘాతం లేకుండా చెప్పేసింది. స్నానాలగదుల తలుపులూ, వంటింట్లో గట్టు కింద అరలూ డబ్ల్యూపీసీతో చేయిద్దామనుకుంటున్నాను బాబాయిగారూ, అని.

ఆయన గుడ్డ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

“నువ్వు కూడానా అమ్మా?”

కోపంగా అనలేదు. అదే ప్రసన్నకి కష్టంగా తోచింది. ఊళ్ళో ఎవరన్నా ఈ మాట అంటే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి, నీ సంగతి విని గదా ఈ దూలాలు నీ చేతిలో పెట్టాను, అన్నారు. తాతారావు కూడా ఉలి కింద పెట్టి, దానికి మేకు కొడితే జున్నుముక్కలో కొట్టినట్టుంటుందండమ్మగారూ, అన్నాడు. ప్రసన్న నేల చెమ్మ గురించీ, నీళ్ళు చిందడం గురించీ ఏవో చెప్పింది. గణపవరంలో ఉన్నది నల్లమద్ది, ఇది బర్మా టేకు, ఇది ఉబ్బుతుందా, నువ్వే చెప్పు, అని రాఘవయ్యగారు సూటిగా అడిగారు.

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. “ఉబ్బకపోవచ్చు బాబాయిగారూ.”

“మరింకేం?”

ఇంకేముందో ఆయనతో అనొద్దని టీచరుగారు చెప్పారు గనక ప్రసన్న తల వంచుకుంది. అప్పుడు టీచరుగారు ముందుకి వచ్చారు. ఈసారి తాతారావు వెనక నుంచోలేదు. పొట్టు మీద నడుచుకుంటూ వచ్చి, భర్తకి ఎదురుగా నుంచున్నారు.

“ఏవండీ, నాకింక ఈ ఉబ్బకపోవచ్చులు వద్దండీ” అన్నారు. “వేస్తే పడే తలుపు కావాలి.”

“అదేమిటి కామేశ్వరీ, పడకేం?”

“అక్కడ పడదండీ. వానాకాలమంతా పడదు. అందుకే పాడతాను.”

రాఘవయ్యగారికి వెంటనే అర్థం కాలేదు. ఆవిడ ముఖంలోకి చూశారు, ప్రసన్న ముఖంలోకి చూశారు. అర్థమయ్యాక చేతిలోని గుడ్డని మడతపెట్టారు, మళ్ళీ ఇంకో మడత పెట్టారు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకునే ఉన్నారు. తాతారావు ఏదో పనున్నట్టు బయటికి నడిచాడు.

“ఇన్నేళ్ళూనా?” అన్నారాయన చివరికి.

“వానాకాలాలేనండీ.”

ఆయన కోసి పెట్టిన దూలం మీద కూలబడ్డారు. బయట కాంక్రీటు మిషను తిరుగుతున్న చప్పుడు పక్క స్థలం నుంచి వినపడుతోంది. తలెత్తి, పెద్ద లెక్కలో తప్పు దొరికిందేమోనని ఆశపడే పిల్లాడిలా, “మరి ఎండాకాలమూ పాడేదానివిగా” అన్నారు.

టీచరుగారు కొంగు అంచు సర్దుకున్నారు. ఆవిడ చెంపలు కాస్త ఎర్రబడటం ప్రసన్న చూసింది.

“ఎండాకాలం మీరు వింటున్నారని పాడేదాన్ని.”

ఆయన పక్కనున్న పొట్టు చేత్తో తుడిచి, దూలం మీద ఆవిడకి చోటు చేశారు. ఆవిడ కూచున్నారు. ఇద్దరూ ఒకే వైపు, ఎదురుగా గోడకి ఆనించిన టేకు పలకల వైపు చూస్తూ కూచున్నారు. తరవాత ఆయన గొంతు సవరించుకుని తాతారావుని కేకేసి, ఆ పలకలు తీసి లోపల పెట్టించమన్నారు, వాటి పని ఇప్పుడు కాదన్నారు.

“ఆయ్” అన్నాడు తాతారావు. ఎందుకని అడగలేదు.

*

మర్నాడు పొద్దున్నే, ప్రసన్న ఫోను చేయకముందే, ఏలూరు వస్తున్నామని రాఘవయ్యగారే ఫోను చేశారు. ఆమె షాపు దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ మెట్ల మీద నుంచుని ఉన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా హడావిడిగా ఉన్నారు.

షాపతను అట్టపెట్టెలోంచి నమూనాలు తీసి బల్ల మీద పరిచాడు. టేకు, రోజ్‌వుడ్డు, వాల్‌నట్టు, మామిడి, ఇంకా పేర్లు తెలియని చెట్లన్నీ అరచెయ్యంత ముక్కల్లో అచ్చై ఉన్నాయి. కొన్నిటికి గీతలు చేతికి తగిలేట్టు నొక్కారు కూడా. రాఘవయ్యగారు జేబులోంచి తన టేకు ముక్క తీసి, ఒక్కోదాని పక్కనా పెట్టి, వెలుతురులోకి తీసుకెళ్ళి చూసి, ఇది దగ్గరగా ఉందమ్మా, ఇదైతే ఎవరూ పోల్చుకోలేరు, అంటూ ప్రసన్నకి చూపించసాగారు. నిన్నటిదాకా దాని పేరెత్తితే ఒప్పుకోని మనిషి, ఇవాళ భార్యకోసం మంచి నకలు వెతకడంలో చెమటలు పట్టించుకుంటున్నారు. ప్రసన్న కూడా ఆయనతోపాటు గీతలు పోల్చి, మెరుపు తక్కువున్నది ఏరి, ఆఖరికి రెండు ముక్కలు పక్కన పెట్టింది.

అప్పుడు రాఘవయ్యగారు ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగారు.

“నీకేది కావాలి కామేశ్వరీ?”

టీచరుగారు వాళ్ళిద్దరూ ఏరిన ముక్కలు చూశారు. బాగున్నాయన్నారు. ఆ తరవాత బల్ల కొసన, షాపతను పక్కకి నెట్టేసిన కట్టలోంచి ఒక ముక్క లాగారు. దాని మీద గీతలేం లేవు. లేత పచ్చ రంగు, అప్పుడే పైకి లేచిన వరినారులా.

“ఇది.”

షాపతను మొహమాటంగా నవ్వాడు. అవి ప్లెయిన్ అండి, ఆస్పత్రులకీ హాస్టళ్ళకీ పట్టుకెళతారు, ఇళ్ళలోకి అందరూ చెక్కలా ఉండేదే అడుగుతారు, అన్నాడు.

“చెక్కలా ఎందుకండీ? చెక్క కావాల్సినచోట మా దగ్గర చెక్కే ఉంది” అన్నారు టీచరుగారు. ఆ పచ్చముక్క మీద అరచెయ్యి రాసి చూసుకున్నారు. “దీన్ని దీనిలాగే ఉండనివ్వండి.”

ప్రసన్న ఆ ముక్క అందుకుంది. ఇన్నేళ్ళూ అచ్చు చెక్కతో తగువులాడింది, దాని పేరు చెప్పినవాళ్ళకి పాఠాలు చెప్పింది. వేషం వేయకుండా నుంచోమని దాన్ని అడగొచ్చని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. చేతిలో అది చల్లగా, నున్నగా ఉంది. బక్కెట్టులానే ఉంది. బక్కెట్టులా ఉండటంలో తప్పేమీ కనపడలేదు.

“బాగుంటుందండీ టీచరుగారూ” అంది. మర్యాదకి అన్నది కాదు.

రాఘవయ్యగారు జేబులో టేకు ముక్కని తడుముకుంటూ, మరి సింహద్వారమో, అన్నారు బెరుగ్గా.

“అది టేకేనండీ. అది మీ ముచ్చట. నాకూ ఇష్టమే. కాకపోతే దానికి ఏటేటా నూనె రాయడం మాత్రం మీ పని.”

ఆయన ఎంత తొందరగా ఒప్పుకున్నారంటే షాపతను కూడా నవ్వేశాడు. పని అయిందనుకుని ప్రసన్న సంచీ సర్దుకోబోయింది. టీచరుగారు కదల్లేదు.

“ఇంకోటమ్మా” అన్నారు. “వంటింట్లో గట్టు ఎంత ఎత్తు గీశావు?”

ప్రసన్న చెప్పింది. అది నాకు ఎత్తవుతుంది, మోచేతులు లాగుతాయి, అన్నారు ఆవిడ. బట్టలారేసే చోటు పడమటి వైపు పెట్టావు, అక్కడ మధ్యాహ్నం దాకా ఎండ రాదు కదా, అన్నారు. పుస్తకాల అలమార పడగ్గదిలో ఎందుకు, పేపర్లు దిద్దుకునేది హాల్లో కిటికీ దగ్గర కదా, అన్నారు. ఒక్కోటీ అడిగి, ఇంకోటి ఉందిగానీ తరవాత చెబుతాలే అని ఆగి, ఎవరూ అడ్డు చెప్పకపోయేసరికి అది కూడా చెప్పేస్తున్నారు. ప్రసన్న సంచీలోంచి డ్రాయింగు తీసి షాపతని బల్ల మీదే పరిచింది. పెన్సిలు టీచరుగారి చేతికిచ్చింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాయితం మొత్తం ఒకసారి చూశారు. షాపతను కుర్చీ జరిపాడు గానీ ఆవిడ కూచోలేదు. బోర్డు దగ్గర లెక్క చెప్పేటప్పుడు ఎలా నుంచునేవారో అలా, కాస్త పక్కకి తిరిగి నుంచుని, తూర్పు గది దగ్గర పెన్సిలు పెట్టారు. ఎవరో టీ తెచ్చి పెట్టి వెళ్ళారు. ఫ్యాను గాలికి డ్రాయింగు కొస పదేపదే లేస్తోంది. రాఘవయ్యగారు దాని మీద అరచెయ్యి ఆనించి, ఆవిడ గదులన్నీ తిరిగి వచ్చేదాకా అలాగే పట్టుకుని నుంచున్నారు.